నీ చెవి ఆనించిన చోట

ఏమయ్యా,

నిన్న నీ సంవత్సరీకం అయింది. ఇవాళ మన పాత లారీ ఇంజన్ టక్ టక్‌మని కొట్టుకోవడం మొదలుపెట్టింది. గోపన్‌పల్లిలో ఇటుక దించి వచ్చిన డ్రైవర్ సత్తయ్య మొహం పాలిపోయింది.

"బేరింగ్ పోయినట్టుంది వదినా. ఇంజన్ మొత్తం విప్పాలె."

విప్పిస్తే ఆ ఖర్చుకు లారీ అమ్ముకున్నట్టే.

"జర ఆగు. నువ్వు రేస్ ఇయ్యి, నేను వింట," అన్నాను.

నువ్వున్నన్నేళ్లూ క్యాబిన్‌లో కూర్చుని ఆక్సిలరేటర్ తొక్కి రేస్ ఇచ్చింది నేను, కింద నిలబడి విన్నది నువ్వు. నీ పొడుగు స్క్రూడ్రైవర్‌నే ఇంజన్‌కు ఆనించి, నువ్వు చెవి ఆనించే ఆ పిడి నా చెవికి పెట్టుకున్నాను. చుట్టూ ఉన్న అద్దాల మేడలూ రోడ్డు మీది హారన్లూ ఎటో పోయాయి. ఇనుము లోపలి ఒక్కో దెబ్బా విడివిడిగా వినపడింది. డీజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేసి, మళ్లీ బిగిస్తూ వెళ్లాను. మూడోది వదులు చేయగానే ఆ టక్ టక్ మాయమైంది. చెడింది డీజిల్ చిమ్మే ఆ ఒక్క నాజిలే. అంత పెద్ద ఇంజన్‌ను కాస్తంత డీజిల్ చుక్క అల్లాడించింది!

"దొరికిందా వదినా? బంద్ చెయ్యాల్నా?"

"దొరికింది. ఇంకొంచెం సేపు రేస్ ఇయ్యి."

లోపం దొరికాక కూడా నువ్వు అట్లనే అనేవాడివి. డీజిల్ దండగని నేను విసుక్కునేదాన్ని. ఇవాళ నాకూ ఆ పిడి మీంచి చెవి తీయబుద్ధి కాలేదు.