పొగ తర్వాత ద్రాక్ష

సస్కటూన్,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రేమగల అమ్మకు,

యేసయ్య పేరిట నీ పెద్దమ్మాయి వందనాలు. మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? నాన్న బీపీ మాత్ర రోజూ వేసుకుంటున్నాడా, నువ్వు చూసినప్పుడే వేసుకుంటున్నాడా? నాయనమ్మకు నా ముద్దులు. నేను బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను. చలి సంగతి అడగకు, బస్టాపులో నిలబడితే ముక్కులో వెంట్రుకలు గడ్డకడుతున్నాయి. అయినా బాగానే ఉన్నాను.

వీడియో కాల్‌లో రోజూ చూసుకుంటూ ఈ ఉత్తరమేంటంటావు. నా రూమ్మేట్ రూతు వాళ్ళన్న పెళ్ళికి ఊరొస్తోంది, తన చేతికిస్తున్నా. ఫోన్లోనైతే నీ ముఖం చూసి మాట మార్చేస్తాను. ఇప్పటికే మార్చాను కూడా.

లిక్కర్ స్టోర్‌లో పని దొరికిందని చెప్పినప్పుడు నువ్వు, "అమ్ముకో, నోట మాత్రం పెట్టుకోకు" అన్నావు. సంఘంలో "పెద్ద షాపులో ఉద్యోగం" అని సాక్ష్యం చెప్పావు. ప్రథమ ఫలంగా నేను పంపిన మొదటి జీతంతో పాస్టర్ గారు ప్రభువు బల్లలో ద్రాక్షరసం పోయడానికి చిన్న గాజు గ్లాసులు కొన్నారు. నువ్వు వాటిని తుడుస్తున్న ఫోటో ఇంకా నా ఫోన్లో ఉంది. ఈ వారమంతా అది తెరవలేదు.

మొన్న సోమవారం మా మేనేజర్ డేవ్ కొత్తగా వచ్చిన స్కాచ్ విస్కీ ఒకటి తెరిచాడు. కస్టమర్లకు రుచి చెప్పాలంటే మేం చూడాలట. అది చేసేచోట చిత్తడి నేల తవ్వి, ఆ మట్టిగడ్డలు ఎండబెట్టి కాల్చి, ఆ పొగలో బార్లీ ఆరబెడతారట. విస్కీనేమో ఎర్ర వైన్ తీసేసిన పీపాలో ఏళ్ళ తరబడి ఉంచుతారట. పీపా ఖాళీదే, చెక్కలో మాత్రం వైన్ మిగిలే ఉంటుందన్నాడు. మింగక్కర్లేదని ఉమ్మడానికి డబ్బా కూడా పెట్టాడు.

ఉమ్మేద్దామనే పోసుకున్నానమ్మా, నమ్ము. ముందు పొగ. టింక్చర్ వాసన కలిసిన పొగ. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తర్వాత ఆ పొగ అడుగునుంచి ఉడికిన నల్లద్రాక్ష వచ్చింది. బల్లకు ముందురోజు పెరట్లో కట్టెల పొయ్యి మీద నువ్వు ద్రాక్షలు ఉడకబెడుతూ, "వడకట్టేదాకా వేలు పెట్టకే" అని గరిటె చూపిస్తావే, అచ్చం అదే. మింగేశాను.

తక్కినవాళ్ళు తేనె అన్నారు, తోలు అన్నారు, సముద్రం అన్నారు. నేను "మా అమ్మ పెరడు" అన్నాను. "ఆ మాట సీసా ముందు పెట్టే కార్డు మీద రాస్తే ఒక్కడూ కొనడు" అని డేవ్ నవ్వాడు. ఇంకొంచెం పోయనా అంటే గ్లాసు చాపాను. మొదటిది పొరపాటంటే నువ్వు నమ్ముతావేమో. రెండోదాన్ని నేనే నమ్మను.

ఇవాళ తెలుగు ఫెలోషిప్‌లో బల్ల. రసం గ్లాసుల ట్రే నా ముందుకొస్తే, తప్పు మనసులో పెట్టుకుని తీసుకోకూడదని నువ్వే చెప్పావుగా, పక్కవాళ్ళకు దాటించాను. సుగుణ ఆంటీ కంట పడింది. బిర్యానీ వడ్డిస్తూ చెవిలో, "ఏమ్మా, అబ్బాయి సంగతా?"

"అయ్యో, లేదు ఆంటీ."

"ఏమీ లేకుండానే ట్రే దాటిస్తారా? మీ అమ్మనే అడుగుతాలే."

అడిగినా అడుగుతుంది. నువ్వేదో ఊహించుకోకు. ఏ అబ్బాయీ లేడు.

పని మానెయ్యమంటావేమో. చదువు అయ్యేదాకా మానలేను, క్లాసులకు సరిపడే షిఫ్టులు ఇంకెక్కడా దొరకలేదు. ఇక ముట్టనని పైన రాసి కొట్టేశాను, చూసే ఉంటావు. నీకు అబద్ధం రాయలేకపోయాను. తాగినదానికంటే, అందులో నీ పొయ్యి దొరికిందన్నదే నన్ను ఎక్కువగా పీడిస్తోంది. నా కోసం సంఘం ముందు సగం మాటే చెప్పిన నీకు, నేనిచ్చిందిదా?

రూతు తిరిగొచ్చేటప్పుడు కందిపొడి, కాసిని ఎండురొయ్యలు పంపు. గట్టిగా కట్టు, లేకపోతే తన బట్టలన్నీ కంపని నా ప్రాణం తీస్తుంది. నాన్నకు ఈ ఉత్తరం చూపించాలో వద్దో నీ ఇష్టం. పాస్టర్ గారికి, అమ్మమ్మ వాళ్ళింట్లో అందరికీ వందనాలు చెప్పు.

ఒక్కటే అడుగుతాను. ఈసారి బల్లకు ఆ గ్లాసులు సర్దేటప్పుడు చివరి వరసలో ఒకటి బోర్లించి ఉంచు. ఎవరైనా అడిగితే మా అమ్మాయిదని చెప్పు. నన్ను క్షమించి దాన్ని నిలబెట్టానని నువ్వు చెప్పేదాకా ఇక్కడ నేను ట్రే దాటిస్తూనే ఉంటాను.

ప్రార్థనలో నన్ను వదిలిపెట్టకు.

నీ దీవెన కోసం చూసే,
నీ సునీత