పారబోసిన మంచినీళ్ళు

అక్కా,

నేనే, సుగుణను. నువ్వు పోయి ఆరేళ్ళు దాటింది. నేను బాగున్నాను. బాపు కూడా బాగానే ఉన్నాడు, మోకాళ్ళ నొప్పులు తప్ప... మన మర్రిగూడ ఫ్లోరైడ్ నీళ్ళు తాగాక అవి లేనిదెవరికిలే?

నిన్న నాకు పని దొరికింది. హైదరాబాద్‌లో ఒక వకీలమ్మ దగ్గర జూనియర్‌గా. ఆమెది పేటెంట్ల పని. ఎవరైనా కొత్త మందో యంత్రమో కనిపెడితే, అది వాళ్ళదేనని హక్కు ఇప్పించడం. అందుకు నల్లకోటు ఒక్కటే చాలదట. లా పట్టాతోపాటు సైన్సు డిగ్రీ ఉన్నవాళ్ళనే తీసుకుంటుంది. నాతో వచ్చినవాళ్ళంతా బి.ఏ. చదివి లా చేసినవాళ్ళు. వాళ్ళను నిలబెట్టే పంపేసింది. నాకు మాత్రం కుర్చీ చూపించింది.

ఆ కుర్చీలో కూర్చోగానే నువ్వే గుర్తొచ్చావు. ఎందుకో నీకు తెలుసు కదా?

నల్లగొండ కాలేజీలో బి.ఎస్సీ. చివరి ఏడాది కెమిస్ట్రీ ప్రాక్టికల్ తప్పి ఇంటికొచ్చాను, గుర్తుందా? ఇచ్చిన పొడిలో ఏ ఉప్పుందో కనిపెట్టే టెస్టు ట్యూబులను డిస్టిల్డ్ వాటర్‌తో కడగమన్నారు. అంత తేటనీళ్ళు సింకులో పారబోయడానికి నాకు చెయ్యి రాలేదు. కొని తెచ్చుకున్న మంచినీళ్ళ బిందె మూత తీస్తేనే కసిరేదానివి నువ్వు! పొదుపు చేస్తున్నాననుకుని బోరు నీళ్ళతో కడిగాను. ఇంకేముంది... నాకిచ్చిన పొడిలో లేని ఉప్పులన్నీ ప్రతి ట్యూబులో తేలాయి.

చెబితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎంత నవ్వావో! గారపట్టిన పళ్ళు కనిపించకుండా ఎప్పుడూ అట్లాగే నవ్వేదానివి.

వకీలు కావడానికి బి.ఏ. చాలు, ఆ కెమిస్ట్రీ వదిలెయ్యమన్నాడు బాపు. నాకూ అదే హాయనిపించింది. నువ్వే ఒప్పుకోలేదు. "సగం ఉడికిన పప్పును ఎవలన్న దించుకుంటరానే? మల్లొక్కపారి రాయి" అన్నావు. మళ్ళీ పరీక్షకు పోయే పొద్దున బస్సు దాకా వచ్చి చెవిలో చెప్పావు. "ఫికర్ జెయ్యకుండ పారబొయ్యవే. ఇంట్ల నేను జర తక్కువ తాగుత."

అదేం లెక్క అక్కా? నువ్వు మర్రిగూడలో తాగకపోతే నల్లగొండలో నీళ్ళు పెరుగుతాయా? కానీ ఆ రోజు నా చెయ్యి వెనకాడలేదు. ధారగా పోసి కడిగాను. పాసయ్యాను.

నేను లాలో చేరేనాటికి నువ్వు లేవు. ఉత్త జ్వరమే అనుకున్నాం... నీ మీద నాకు కోపమే, అబద్ధమెందుకు? కొన్నాళ్ళు ఆగి ఉంటే ఆ కుర్చీ నీకు చూపించేదాన్ని కాదా?

నిన్న ఆ వకీలమ్మ మంచినీళ్ళిచ్చింది. గ్లాసు అడుగంటా తాగాను. నేనింకా మారలేదు.

వచ్చే ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక నీ సమాధి దగ్గరికి వస్తాను. పట్నం నుంచి క్యాను నిండా మంచినీళ్ళు తెస్తాను. మొత్తం నీ మీదే పోస్తాను, చుక్క మిగల్చకుండా.

కసరొద్దు. పారబొయ్యమన్నది నువ్వే.

నీ చెల్లె,
సుగుణ