పందొమ్మిదో తారీకు పోయినవాళ్ళు

అక్టోబర్ 28

నా ఉద్యోగం చచ్చినవాళ్ళతో. పేపర్లో నాలుగో పేజీ, ఎడమవైపు అడుగున, ‘ఈ రోజు కన్నుమూసిన ప్రముఖులు’. ఏ ఏడైనా సరే, అదే తారీకున పోయినవాళ్ళు, రోజుకి ఐదుగురు. చక్రవర్తికీ రెండు లైన్లే, కుట్టుమిషన్‌కి కొత్త సూది కనిపెట్టినవాడికీ రెండు లైన్లే. చావు దగ్గరైనా అందరూ సమానమేనని చేరిన కొత్తలో మురిసిపోయాను. పిచ్చిమొహాన్ని.

ప్రముఖులంటే ఎవరో తేల్చేది మా న్యూస్ ఎడిటర్. ఏది ఇచ్చినా కోసేస్తాడు కాబట్టి ఆఫీసులో అందరం ఆయన్ని కత్తెర అంటాం. ఆయనకీ తెలుసు. సంతోషంగానే ఉంటాడు.

నవంబర్ 2

పందొమ్మిదో తారీకు డ్రాఫ్ట్ రాశాను. ఒక మహారాణి, ఒక లెక్కల మేధావి, సముద్రం ఈదినవాడు, ఊళ్ళకి మ్యాపులు గీసినావిడ, చివర్న మా హీరోగారు. ఆరో పేరు నాన్నది పెట్టాను. ఏటా పెడతాను. ఏటా కత్తెర తీసేస్తాడు.

నాన్న డబ్బింగ్ ఆర్టిస్ట్. హీరోగారికి మొహం ఉంది, గొంతు లేదు. నోరు తెరిస్తే ముక్కుతో సన్నగా వచ్చేది. మొదటి సినిమా నుంచి చివరి సినిమా దాకా ఆ గొంతు మా నాన్నదే. ఫీల్డ్‌లో అందరికీ తెలుసు. బయట ఒక్కడికీ తెలియదు. ఎక్కడా చెప్పనని నాన్న మాటిచ్చాడు, ఆ మాట మీదే ఉన్నాడు. హీరోగారు జనం ముందుకొస్తే చేతులూపి వెళ్ళిపోయేవాడు. ఎంత వినయమో అని జనం కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

ఇద్దరూ ఒకే రోజు పోయారు. నాన్న మధ్యాహ్నం, భోజనానికి ముందు. హీరోగారు సాయంత్రం. నాన్న గురించి నాలుగు లైన్ల వార్త పేజీలో పెట్టారు కూడా. చీకటి పడేసరికి ఎగిరిపోయింది. మర్నాడు పేపరంతా హీరోగారే. బతికున్నన్నాళ్ళూ ఆయన వెనక నిలబెట్టారు, పోయాక నిలబడ్డానికి కూడా చోటివ్వలేదు.

నవంబర్ 3

తీసేశాడు.

నవంబర్ 7

ఇన్నేళ్ళూ నోట్లో నాలుక లేనిదానిలా ఊరుకున్నాను. ఈ ఏడు ఊరుకోదలుచుకోలేదు. నాన్న పోయి పదేళ్ళయింది. కత్తెర గదిలోకి వెళ్ళి నాన్న పేరెందుకు తీశావని అడిగేశాను.

కోప్పడి ఉంటే బాగుండేది. కుర్చీ చూపించాడు. ఆ రోజు హీరోగారి ఫ్యాన్స్ ఫుల్ పేజీ యాడ్ ఇస్తున్నారన్నాడు. దాని ఎదురు పేజీలోనే ఆ గొంతు ఆయనది కాదని వేస్తే ఆఫీసుకి అద్దాలు మిగలవన్నాడు. నిజమే కావచ్చు. నిజం చెప్పేటప్పుడు కూడా మొహం మీద కొట్టాలనిపించే మనుషులుంటారు.

తర్వాత టీ తాగుతూ, పద్ధెనిమిదో తారీకు లిస్టు చూడమన్నాడు. ఆ రోజు పెద్దవాళ్ళెవరూ పోలేదట. ఒక లైట్‌హౌస్ ఇంజనీరు, ఒక పియానోలు చేసేవాడు, అంతే. అక్కడ పెట్టుకోమన్నాడు. డబ్బింగ్ కళాకారుడు అని మాత్రం రాయమని, ఎవరికి గొంతిచ్చాడో రాయొద్దని అన్నాడు. ఒక్క రోజు అటూ ఇటూ అయితే కొంప మునగదట. పోయినవాళ్ళు లేచొచ్చి కరెక్షన్ వెయ్యమని అడగరు కదా అని నవ్వాడు కూడా.

నేను నవ్వలేదు. లేచి బయటికీ రాలేదు.

నవంబర్ 10

అమ్మకి చెప్పలేదు. చెబితే ఏమంటుందో తెలిసే చెప్పలేదేమో.

వీధి చివర అప్పుడే కర్రలు పాతుతున్నారు. ఏటా పందొమ్మిదిన అక్కడ హీరోగారి బొమ్మ నిలబెట్టి మైకులు కడతారు. తెల్లారకముందే డైలాగులు మొదలవుతాయి. నాన్న గొంతు. కింద చప్పట్లు హీరోగారికి. నాకు కడుపు మండిపోతుంది. లేస్తూనే కిటికీలన్నీ బిగించి ఆఫీసుకి పారిపోతాను. తిరిగొచ్చేసరికి అన్నీ బార్లా తెరిచి ఉంటాయి. ఉక్కగా ఉందని తీశానంటుంది అమ్మ. దుప్పటి కప్పుకుని కూర్చుని మరీ చెబుతుంది. వయసు మీద పడి చెవులు మందగించాయి, ఆ రొద పట్టడం లేదని సరిపెట్టుకుంటాను.

నవంబర్ 12, మధ్యాహ్నం మూడు

రాసేశాను. పద్ధెనిమిది. కత్తెర ఒక కామా తీసి ఓకే చేశాడు.

నవంబర్ 18, పొద్దున

అచ్చులో నాన్న పేరు. పైన లైట్‌హౌస్ ఇంజనీరు, కింద పియానోలు చేసేవాడు. బస్సులో పక్కావిడ పేపర్లోకి వంగి మరీ చూశాను. ఆవిడ పజిల్ నింపుకుంటోంది. ఏం ఫర్వాలేదు. ఆవిడ చేతిలో మా నాన్న ఉన్నాడు. ఆ మాట ఆవిడకి చెప్పాలని నోటిదాకా వచ్చింది.

నవంబర్ 18, సాయంత్రం

డబ్బింగ్ యూనియన్ సెక్రటరీ ఫోన్ చేశాడు. ఇన్నేళ్ళూ మొహం చాటేసిన మనిషి. భలే పని చేశావమ్మా అన్నాడు. పందొమ్మిదైతే హాలు దొరికేది కాదని, దొరికినా మనవాళ్ళంతా హీరోగారి సభకే పోయేవాళ్ళని, ఇకనుంచి ఏటా పద్ధెనిమిదినే నాన్నకి సభ పెడదామని అన్నాడు. అసలు తారీకు ఆయనకి తెలియదా? పాడె పట్టినవాళ్ళలో ఆయనా ఉన్నాడు. నేనూ సరేనన్నాను. ఇంటర్నెట్‌లో కూడా ఎవరో అప్పుడే పద్ధెనిమిది అని ఎక్కించేశారు. గెలిచాననుకుంటూ ఇంటికొచ్చాను.

అమ్మ పేపరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. పద్ధెనిమిదిన పోయినాయన పందొమ్మిది పొద్దున కాఫీలో పంచదార తక్కువైందని తనతో ఎలా దెబ్బలాడాడని అడిగింది. చొక్కా గుండీ ఊడిందని తన చేత కుట్టించుకున్నదెవరని అడిగింది. కుట్టినంతసేపూ కదలకుండా నిలబడి, ఎన్నాళ్ళకి ఇంత దగ్గరగా నిలబడ్డావే అని నవ్వాడట. ఇది నాకు తెలియదు. మనిషంతా స్టూడియోకే పోయాడు, తనకి మిగిలింది ఆ పూటేనంది. దాన్ని కూడా పట్టుకుపోయి పేపర్లో కోయించావా అంది.

నాకూ ఒళ్ళు మండింది. నాన్న పేరు కోసం చేశానన్నాను. ఆ గొంతుని ఊరంతా ఇంకొకడి పేరు మీద వింటుంటే నీకు చీమ కుట్టినట్టయినా లేదా అన్నాను. అనకుండా ఉండాల్సింది.

పేరు నువ్వుంచుకో అంది అమ్మ. లేచి లోపలికి వెళ్ళిపోయింది. అన్నం కూడా తినలేదు.

నవంబర్ 19

మైకులతో మెలకువ వచ్చింది. కిటికీలన్నీ అప్పటికే తెరిచి ఉన్నాయి. అమ్మ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, వీధి వైపు కిటికీకి కుర్చీ ఆనించుకుని కూర్చుంది.

పక్కన నిలబడి, తప్పయిందమ్మా అనబోయాను. చెయ్యెత్తి ఆపింది. మీ నాన్న మాట్లాడుతున్నారు, కాసేపు ఊరుకోమంది.