పండ్ల చక్రం బొమ్మ

ప్రణయ్, లేవంగనే ఇది చదువు. మగ్గం పండ్ల చక్రం, గదే గేరు, ఇరిగింది. బాపు పొద్దుగాల్నుంచి ఆగిన మగ్గం సుట్టే తిరుగుతుండు. చక్రంది పాత డ్రాయింగ్ కంప్యూటర్ల ఉంది గని, సాఫ్ట్‌వేర్ లైసెన్స్ అయిపోయి ఓపెన్ అయితలేదు. ఫ్రీగ చూసే యాప్ ఒకటి ఎక్కించిన, అండ్ల ఓపెన్ అయితది. ప్రింట్ తీసి లింబాయత్‌ల లేత్ మిషన్ నడిపే పరుశురాం మామకియ్యి. ప్రింట్‌ల బొమ్మ చిన్నగొస్తది, కాయితం మీద స్కేలు పెట్టి కొలవద్దని చెప్పు, పోయినసారి గట్లనే చక్రం చిన్నగైంది. పక్కన రాసిన అంకెలే చూడాలె. నేను రింగ్ రోడ్ దుకాన్‌కు పోతున్న.

అక్క

బొమ్మ మూలకు "గీసింది: ప్రణయ్" అని ఉంది. నీ కోర్సుకని రెండు రోజులు కూసొని గీసింది నేను. పేరు మారుద్దామని చూసిన. ఈ యాప్‌ల చూసుడే గని మార్చుడు లేదు. మామ అడిగితే నోటితోనన్న చెప్పు.