అమ్మ మీద పడ్డ నింద

బోయిగూడ, సికింద్రాబాద్
కార్తీక సోమవారం, 2009

చిరంజీవి సౌభాగ్యవతి దేవికకు,

చెల్లీ, నీ అప్ప దీవెనలు. ఇక్కడ నేనూ, మీ బావా, మా వాడు కల్యాణూ, అమ్మా బాగున్నాం. ఈ ఏడాది ప్రతి ఉత్తరంలోనూ ఈ మాట అలవాటు కొద్దీ రాశాను. ఈసారి అది నిజమని రాస్తున్నాను. పోర్ట్‌బ్లెయిర్‌లో నువ్వూ, మరిదిగారూ, హిమజా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ముందు నువ్వు ఎదురుచూస్తున్న సంగతి. వైద్యం ముగిశాక తీయాల్సిన పెద్ద స్కాన్ మొన్న తీశారు. డాక్టర్ సలోమి గారు తెర మీద చూపించారు. గొంతులో గడ్డ లేదు. మెడలో బిళ్ళ లేదు. ఎక్కడా ఏమీ లేదు.

"స్కాన్ క్లీన్ ఉందమ్మా. చూపించుకోవడానికి మాత్రం కొన్నేండ్లు వస్తనే ఉండాలె. ఇవాళ్టికైతే మనం గెలిచినం" అన్నారావిడ.

కల్యాణ్ రాత్రి డ్యూటీ దిగి, మెడలో ఆఫీసు కార్డు తియ్యకుండానే కంపెనీ క్యాబ్‌లో ఆసుపత్రికి వచ్చాడు. "మేడమ్, ఇంకొక్కసారి చెప్పండి" అన్నాడు. ఆవిడ చెప్పారు. "ఇంకొక్కసారి" అన్నాడు. "నీకు చెవుల డాక్టర్ కావాలె బాబూ, పక్క రూమ్‌ల ఉంటడు" అన్నారు. వాడు నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. మీ బావ మాత్రం బయటికొచ్చాక నా చెప్పులు వెతికి నా కాళ్ళ ముందు పెట్టారు.

వీధి మొదట్లోనే పక్కింటి శ్యామలమ్మ ఆటోని ఆపేసింది. "ఏందక్కా, గల్లీ మొత్తాన్ని పరేషాన్ చేసి ఇప్పుడు నవ్వుకుంట వస్తున్నవా?" అని జిలేబీ పొట్లం విప్పింది. "నువ్వు తినలేవు గద, నీ పేరు మీద నేనే తింటా తియ్యి" అని అక్కడే నిలబడి తింది. గల్లీలో అందరికీ పంచింది. అంతా సింహాద్రి అప్పన్న స్వామి దయ.

నీ ప్రశ్నలకి జవాబులు. ఫోన్‌లో ఎందుకు సరిగా మాట్లాడనని అడిగావు. గొంతుకి కరెంటు, అదే రేడియేషన్, పెట్టాక నోట్లో ఉమ్మి ఊరడం తగ్గింది. నాలుగు మాటలనేసరికి నాలుక అంగిట్లో అంటుకుంటుంది. నీళ్ళ సీసా కొంగున కట్టుకున్నట్టే తిరుగుతున్నాను. అందుకే ఉత్తరం. మొదట్నుంచీ నేను మాటలకి పొదుపేనని నువ్వే ఎగతాళి చేసేదానివి, ఇప్పుడు డాక్టరు చీటీ కూడా ఉంది.

జుట్టు పోలేదు. మెడ వెనక కాస్త పలచబడింది, ముడి వేస్తే తెలీదు. ముక్కులోంచి వేసిన గొట్టం తీసేశారు. మెత్తటి అన్నం, పప్పుకట్టు, మజ్జిగ దిగుతున్నాయి. కారం ఇంకా ఓర్చలేను. తీపి మట్టిలా ఉంటుంది, పులుపు తెలుస్తోంది. పులుపు తెలిస్తే మన వైపు వాళ్ళకి సగం ప్రాణం వచ్చినట్టే.

ఆ మిషను కింద భయం వెయ్యలేదా అన్నావు. మొహానికి వల లాంటి ముసుగు వేసి, తల కదలకుండా బల్లకి బిగించేసేవారు. కళ్ళు మూసుకుని అప్పన్న స్వామిని తలుచుకునేదాన్ని. ఒక్కోరోజు జపం పూర్తికాకుండానే "అయిపోయింది, లెవ్వండమ్మా" అనేవారు. మిగతా జపం ఆటోలో చేసుకునేదాన్ని.

ఇక అమ్మ సంగతి.

పోయిన ఉత్తరంలో నువ్వు రాసిన మాట మళ్ళీ మళ్ళీ చదివాను. "అమ్మ చుట్ట అప్ప గొంతు మీదికి తెచ్చింది. ఆవిడతో నేను మాట్లాడను." అన్నట్టే మాట్లాడటం లేదు. ఫోన్ చేసి నన్నే పిలవమంటావు, పెట్టేస్తావు. నువ్వు పెట్టేసేదాకా అమ్మ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉంటుందని నీకు తెలీదు.

నిన్ను తప్పు పట్టను. మనందరం అలాగే అనుకున్నాం. దేవుడికి తీసిన గంధం మెడకి రాసుకుంటుంటే దవడ కింద బిళ్ళ తగిలింది. చూసిన మొదటి డాక్టరు పొగాకు అలవాటుందా అని అడిగాడు. లేదన్నాను. ఇంట్లో ఎవరికైనా ఉందా అన్నాడు. అమ్మ అడ్డపొగ గురించి చెప్పాను. నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని కాలుస్తారంటే ఆయన నమ్మలేక మళ్ళీ అడిగాడు. చిన్నప్పుడు అమ్మ చుట్ట ముట్టించి ఇచ్చే పని నాదే కదా, అదీ చెప్పాను. ఆయన తల ఊపాడు. ఆ తల ఊపడమే మనకి తీర్పు అయిపోయింది.

ఆ రోజే అమ్మ చుట్టల కట్ట మురిక్కాలవలో పడేసింది. "నా నోట్లో నిప్పు నీ గొంతులో పడ్డాదే" అంది. ఆ తరవాత నా మంచం దగ్గరికి రాలేదు. నా మంచినీళ్ళ బిందె ముట్టుకోలేదు. వెనక వరండాలో కూర్చుని ఒక్కపూటే తినేది, అది కూడా కల్యాణ్ పోరితేనే. నేను గొట్టంతో జావ తాగుతుంటే, ఆవిడ నోటితో తినడం పాపమనుకుంది. నేను చిక్కిపోయినట్టే ఆవిడా చిక్కిపోయింది. నాకు డాక్టర్లున్నారు. ఆవిడకి ఎవరూ లేరు. ఒక కూతురు మంచం మీద, ఇంకో కూతురు మాట్లాడదు.

ఇప్పుడు నీకు దాచిన సంగతి రాస్తాను. నింపాదిగా చదువు.

వైద్యం సగంలో ఉండగా సలోమి గారు మీ బావనీ నన్నూ గదిలోకి పిలిచారు. గొంతులోంచి తీసిన ముక్కకి ఇంకో పరీక్ష చేయించారట. "ఇది పొగాకుతో వచ్చింది కాదమ్మా. హెచ్.పి.వి. అని ఒక వైరస్ ఉంటది, దాంతోటి వచ్చింది. ఒక తీరుగ ఇది మంచి వార్త. నాలుక మొదట్ల, టాన్సిల్ దగ్గర ఈ వైరస్‌తోటి వచ్చిన గడ్డ కరెంటుకీ మందుకీ బాగా లొంగుతది. మీకు పొగాకు అలవాటు సుత లేదు. ఎక్కువమంది బతికి బయటపడేది మీలాంటోళ్ళే" అన్నారు.

అది ఎలా వస్తుందని మీ బావ అడిగారు. ఆవిడ దాచకుండా చెప్పారు. దాంపత్యంలో ఒకరి నుంచి ఒకరికి వస్తుంది. దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది, చాలామందికి దానంతటదే పోతుంది. కొందరిలో మాత్రం ఏళ్ళ తరబడి నిద్రపోయి లేస్తుంది. "ఎవరి నుంచి, ఎప్పుడు అని ఏ డాక్టరూ చెప్పలేడు. మీరు సుత లెక్కలు తియ్యకుండ్రి" అన్నారు.

మీ బావ లెక్కలు తీశారు. ఆఫీసులో అదే కదా ఆయన పని. ఇంటికొచ్చాక, "పెళ్ళికి ముందు ఖరగ్‌పూర్‌లో ఉన్నప్పుడు..." అని మొదలుపెట్టారు. "డాక్టరుకే తెలియనిది మీకేం తెలుస్తుంది? దీపం వేళయింది, ఒత్తులు అందుకోండి" అన్నాను. ఆ మాట మళ్ళీ ఎత్తనివ్వలేదు. నాకు కోపం రాలేదా అంటే, ఒక పూట వచ్చింది. జపమాల తిప్పాను. పోయింది. వైద్యం జరిగిన ఏడువారాలూ ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్న మనిషి, నేను మింగలేనని తనూ కారం మానేసిన మనిషి. ఆయన మీద కోపం ఎంతసేపు నిలుస్తుంది?

కానీ ఊరుకోవడంలో ఒక అన్యాయం ఉంది. నిజం చెబితే ఆయన తల దించుకోవాలి. చెప్పకపోతే అమ్మ నింద మోయాలి. ఇద్దరిలో ఎవరిని నిలబెట్టను? స్కాన్ వచ్చేదాకా చూద్దామనుకున్నాను. నువ్వు అమ్మతో మాట మానేశావని తెలిసినా ఊరుకున్నాను. ఇదే నేను నీకు దాచింది.

స్కాన్ చూసుకుని ఇంటికొచ్చిన పూట అది తేలింది. శ్యామలమ్మా వాళ్ళూ వచ్చి వెళ్ళారు. అమ్మ మాత్రం గుమ్మం అవతలే ఉండిపోయింది. "అమ్మా, పోయింది. అంతా పోయింది" అన్నాను. లోపల్నించి, "పోతే పోయింది గానీ, పెట్టింది నానే గదమ్మా" అని వినిపించింది.

మీ బావ కుర్చీలోంచి లేచారు. మన వైపు ఆచారం కదా, అమ్మ ఇన్నేళ్ళలో అల్లుడి ఎదుట పడలేదు, నేరుగా ఒక మాట అనలేదు. "బావుకి మజ్జిగ కావాలేమో అడుగు" అని నాతో చెప్పించడమే. ఆయనా అంతే. అలాంటిది ఆయన వంటింటి గుమ్మం దగ్గరికెళ్ళి, తలుపు వైపు చూస్తూ నిలబడ్డారు.

"అత్తా, మీ చుట్ట తప్పు కాదు. ఇది పొగాకుతో వచ్చిన జబ్బు కాదని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. ఒక వైరస్ అట, పురుగు లాంటిది. మొగుడూ పెళ్ళాల మధ్య వస్తుందట. అది నా నుంచే వచ్చి ఉండొచ్చు. పెళ్ళికి ముందు నేను రాముణ్ణేం కాను. మీరు మాత్రం అన్నం మానకండి."

కల్యాణ్ తల వంచుకుని నేల చూస్తున్నాడు. తరవాత అడుగుల చప్పుడైంది. అమ్మ తల మీద కొంగు వేసుకుని గడప దాటి వచ్చింది. అల్లుడి మొహంలోకి చూసింది.

"బావూ, మీ మావగోరు పనికని కరగపూరు ఎల్నారు, కలకత్తా ఎల్నారు. ఏటి తెచ్చినారో ఏటి తేలేదో నానడగలేదు, ఆయన సెప్పలేదు. నువ్వు సెప్పినావు. నా పిల్ల బతికింది, మరింకేటి కావాల? కూకో, అన్నం ఎడతాను."

ఆయన కూర్చున్నారు. అమ్మ స్వయంగా వడ్డించింది. "ఇంకొంచెం పులుసు" అని ఆయనే నేరుగా అడిగారు. అమ్మ పోసింది. తరవాత తనూ కంచం పెట్టుకుని నా పక్కనే కూర్చుని తింది. మెతుకు మిగల్చలేదు. నేను దేవుడి గదిలోకి వెళ్ళి చాలాసేపు కూర్చున్నాను. కోరడానికి ఏమీ మిగల్లేదు.

అలాగని చుట్ట మంచిదని నేననడం లేదు. సలోమి గారి చేత అమ్మ నోరు కూడా చూపించాం. అంగిట్లో తెల్లటి మచ్చ ఉంది. భయం లేదు, మానేస్తే చాలు, కనిపెట్టి ఉండాలన్నారు. "మానీసినాను డాటరమ్మా, మల్లీ ముట్టిస్తే మాయల్లుడు ఊరుకుంటాడేటి?" అంది అమ్మ. మీ బావ గోడ వైపు తిరిగి నవ్వారు. చుట్ట తప్పులు చుట్టకున్నాయి. నా జబ్బు మాత్రం దాని తప్పు కాదు.

ఇంకొకటి. ఈ వైరస్‌కి ఆడపిల్లలకి వేసే టీకా వచ్చిందట. అక్కడి డాక్టర్నడిగి హిమజకి వేయించు. ఈ వైరస్ గర్భసంచి ముఖద్వారానికీ వస్తుందట, నువ్వూ ఒకసారి ఆ పరీక్ష చేయించుకో, నాకూ చేశారు, అక్కడ ఏమీ లేదు. మరిదిగారితో ఏమని చెప్పాలా అని సందేహించకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఈ ఉత్తరంలో ఏదీ దాచవద్దని చెప్పింది మీ బావే.

ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి. నేను తియ్యను, అమ్మ తీస్తుంది. ఎలా పట్టుకోవాలో కల్యాణ్ నేర్పాడు. ముందు నువ్వే మాట్లాడాలి. నీ గొంతు వినగానే ఆవిడకి ఏడుపొస్తుంది. పెట్టెయ్యకు, ఆవిడ ఏడుపు అయ్యేదాకా ఆగు.

ఇట్లు,
మీ మేలు కోరే
అప్ప