ఊదకుండానే ఉబ్బిన బుగ్గ

జూన్ 1, సాయంత్రం

ఇది ఇప్పుడే రాసేయాలి. రేపటికి ఇదంతా నిజమేనా అని నాకే అనుమానం వస్తుంది. మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటిదాన్ని నేనే. సెలవులకని ఊరు దాటిన మొదటిదాన్నీ నేనే. సముద్రం చూశాను!

నాతో వచ్చిన క్లాస్‌మేట్‌ని బుడగ అంటాం. కెమెరా కనబడితే చాలు, బుగ్గలు ఉబ్బిస్తుంది. రెండు రోజుల్లో, మేం దిగిన బీచ్ హాస్టల్ మొత్తానికీ ఆ పిచ్చి ఎక్కించింది. ఇవాళ ఇసుకలో వరసగా కూర్చుని బుగ్గలు ఉబ్బిస్తే, హాస్టల్లోనే దిగిన, పసుపు టోపీ పెట్టుకున్న ఒకతను ఫోటో తీశాడు. బుడగ సీసాలో నీళ్ళు తాగి నాకిచ్చింది. నేను తాగి అతనికిచ్చాను. అంచు తుడవకుండా తాగాడు! శనివారం హాస్టల్ వాళ్ళంతా వెళ్ళే పడవలో నా పక్కన తనకు చోటు ఉంచమన్నాడు. పేరు పడవలో అడుగుతాను.

జూన్ 2

ఏ డ్రెస్ వేసుకోవాలి?

జూన్ 3, పొద్దున

బుడగ స్ట్రాతో జ్యూస్ తాగుతోంది. కుడి బుగ్గ ఉబ్బే ఉంది. స్ట్రా పీలుస్తూ బుగ్గ ఉబ్బించడం ఎవరి తరమూ కాదు. అద్దం ముందు నేనూ ప్రయత్నించాను. గట్టిగా అడిగితే, నిన్నటి నుంచీ మింగుడు పడటం లేదంది. పడవ అయ్యేదాకా నోరు మూసుకోవే తల్లీ, నా ఫోటోల్లో బుగ్గ ఎప్పుడూ ఉబ్బేగా ఉంటుంది, ఎవరికి తెలుస్తుంది అని నవ్వబోయి, నొప్పికి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

జూన్ 3, మధ్యాహ్నం

చిన్నప్పుడు నాకు టీకాలన్నీ వేయించావా అని అమ్మకు ఫోన్ చేశాను. వేయించనిచ్చావుటే, సూది చూడగానే కాంపౌండర్ చెయ్యి కొరికావు, ఆ సిగ్గుకి మళ్ళీ ఆ గుమ్మం తొక్కితే ఒట్టు అంది.

చెబితే పడవ ఆగిపోతుంది. చెప్పకపోతే పడవ నిండా జనం, చేతులు మారే సీసాలు.

హాస్టల్ నడిపే ఆంటీకి చెప్పేశాను.

జూన్ 4

గవదబిళ్ళలే అన్నారు డాక్టర్ గారు. చిన్నప్పుడే టీకా పడి ఉంటే చాలామందికి రావట. ఇప్పటికే అంటుకుని ఉంటే ఇప్పుడు వేసే సూది ఆపలేకపోవచ్చట, అయినా వేయించుకోమన్నారు. వేయించుకున్నాను. ఎవరి చెయ్యీ కొరకలేదు.

పడవ రద్దు. సెలవుల్లో కూడా డ్యూటీయేనా పోలీసమ్మా అని మెట్ల మీద ఎవరో అరిచారు. బుడగ గోడ వైపు తిరిగి పడుకుంది. కాసేపటికి మాత్రం, పట్టించినదానివి నువ్వే కదా, మెత్తగా మింగేది ఏదైనా తెచ్చి పెట్టు అంది. పరిగెత్తాను.

తిరిగొచ్చేసరికి పసుపు టోపీ బస్సెక్కేశాడు. ఆంటీ అందరి ఫోన్లకూ హెచ్చరిక పంపింది. నంబరు ఇవ్వనుగానీ నీ మాట ఏదైనా ఉంటే చేరవేస్తానంది. తర్వాత పంపుతానన్నాను.

జూన్ 18

ఎడమ బుగ్గ. ఊదకుండానే. ఆంటీకి పంపిన మాట ఇదీ:

పసుపు టోపీ గారికి. మనం ఒకే సీసాలో తాగాం. నాకు గవదబిళ్ళలు వచ్చాయి. మీకు దవడ కింద నొప్పి ఉంటే ఎవరితోనూ కలవకుండా డాక్టరుకు చూపించుకోండి. ఏ నొప్పీ లేకపోయినా సరే, జూన్ ముప్పైలోగా జవాబు రాయండి. పేరుతో సహా.