గడ్డిమేటు మీద ఇంగ్లీషు వ్యాసం

గోపాలపట్నం,
8-2-1979

నాన్నకు, మామయ్య ఇంట్లో అందరం బాగున్నాం. ఈ కార్డు చెల్లి చేత మెల్లిగా చదివించుకో.

కాలేజీలో ఇంగ్లీషు మేష్టారు వ్యాసం రాయడం మెట్టు మెట్టుగా నేర్పుతున్నారు. ముందు విషయాలు వరసగా వేసుకోవాలి, ఒక్కోదానికి ఒక పేరా రాయాలి, చివర ముగించాలి. గైడు చూసి బట్టీపట్టింది రాస్తే ఎర్ర సిరాతో కొట్టేశారు. "నువ్వు కళ్లారా చూసిన పని రాయమ్మా" అన్నారు. నువ్వు గడ్డిమేటు వేసే తీరు రాశాను, అడుగున కంప పరచడం దగ్గర్నుంచి. దాన్ని నా చేతే క్లాసంతటికీ చదివించారు, నాన్నా. చదివాక, వాన నీళ్లు దిగకుండా పైన ఎలా మూస్తారని అడిగారు. నాకు తెలియలేదు. అక్కడికొచ్చేసరికి నువ్వెప్పుడూ "ఇంక దిగిపోవే, కాలు జారితే ఏటి సేత్తాం" అని నన్ను దించేసేవాడివి.

ఎర్రావు ఈనిందా? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? మామయ్యకి కాసిని ఉలవలు పంపండి.

మేటు పైన మూసే పద్ధతి నువ్వు చెప్పు, చెల్లి రాస్తుంది. ముగింపుకి అర పేజీ ఖాళీగా ఉంచాను. మేష్టారు తనకీ తెలియదని, మా నాన్ననే అడగమని అన్నారు. ఇంగ్లీషు సంగతి నేను చూసుకుంటాను.

అమ్మకీ నీకూ దండాలు.
నీ గౌరీశ్వరి